నీళ్ళు పోయని కుండ

చిన్నదాని అరచేతులు ఎర్రగా కనిపించిన క్షణంలో బియ్యం చేట పక్కకు తోసి లేచాను.

నిన్న సాయంత్రం వంటింట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. నాలుగేళ్ళ పిల్ల, ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండలేనిది, వాకిలి పట్టుకుని నోరు మూసుకుని నిలబడింది. అలా నిలబడిందంటేనే ఏదో చేసిందని నాకు తెలుసు. చూస్తే అరచేతులు ఎర్రన, పెదవుల చుట్టూ ఎర్రన. ఎడమ బుగ్గ కాస్త ఉబ్బి ఉంది. వేలు పెట్టి లోపలున్నది బయటికి లాగాను. అనుమ గింజ, ఎండిన అనపకాయ గింజ. దాని మీద ఎర్రటి పూత, సగం కరిగి, సగం ఇంకా అంటుకుని ఉంది.

విత్తనాల మందు అనుకున్నాను.

రెండేళ్ళ కిందట గుడియాత్తం దగ్గర మా పుట్టింట్లో రంగు వేసిన గింజలు చూశాను. మా అన్న అంగట్లో కొన్న ప్యాకెట్లో మిగిలినవి చూరు కింద పెట్టి మరిచిపోయాడు. పురుగు పట్టకుండా కంపెనీవాళ్ళే మందు కలిపి పంపుతారట. కోళ్ళు పొడుచుకు తిన్నాయి. మధ్యాహ్నానికి గడ్డివామి పక్కన నాలుగు కోళ్ళు కాళ్ళు చాపి పడి ఉన్నాయి. అప్పటినుంచి ఏ గింజ మీద రంగు కనిపించినా పిల్లలను దాని దగ్గరికి పోనివ్వను.

"ఎన్ని మింగినావు? చెప్పు మే, ఎన్ని మింగినావు?"

పాప ఏడుపు అందుకుంది. వెనకనుంచి పెద్దవాడు వచ్చాడు. "మింగలేదు మా. ఒక్కటే నోట్లో పెట్టుకొనింది. నేను చూస్తానే ఉండా."

"చూస్తా ఉంటే నాకు చెప్పల్లని తెలీదా?"

"నువ్వు అరుస్తావని."

పాపను కుళాయి దగ్గరికి లాక్కుపోయి నాలుగుసార్లు పుక్కిలింపించాను. ఆయన ఆఫీసునుంచి ఇంకా రాలేదు. ఆటో పిలవాలా, పక్కింటామెను పిలవాలా అనుకుంటూ చెప్పులు వేసుకుంటుంటే, పిడికిట్లో ఉన్న గింజ వాసన ముక్కుకు తగిలింది. మందు వాసన కాదు. తొలివాన పడ్డప్పుడు నేలనుంచి లేచే వాసన. నాలుక చివర ఆనించి చూశాను. మన్ను. ఉత్త ఎర్రమన్ను.

ఆ రుచి నాకు కొత్త కాదు. కొన్నేళ్ళ కిందట ఒక ముసలావిడ తన గడప మీద కూర్చుని, "చదువుకున్న దానివి గదా మే, నాకి చెప్పు, ఏముండాదో" అని నవ్వుతూ నాచేత నాకించింది. ఆమె కొంగు నిండా ఇవే గింజలు. గడప పక్కన చేటలో ఎండుతున్నవీ ఇవే. ఎర్రమన్ను నీళ్ళల్లో కలిపి, గింజలకు పూసి ఎండబెడితే పుచ్చు పట్టదట. "పిల్లోళ్ళు నోట్లో పెట్టుకున్నా ఏం గాదు" అని కూడా చెప్పింది. ఆ మాట నిన్న నాకు కుళాయి దగ్గరికి పోకముందే గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఆ గింజల మూట మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చింది. తెచ్చింది ఆ ముసలావిడ కోడలు. వేలూరు సత్తువాచారిలో బస్సు దిగి, నలుగురిని అడిగి, ఎండలో మా ఇల్లు పట్టుకుంది. రెండు చెంబుల నీళ్ళు తాగాక చెప్పింది.

"మా అత్త పోయి పద్దెనిమిది దినాలాయ అక్కా."

నాకు తెలియదు. మా అన్న పోయిన వారం పక్కింటి ఫోన్‌కు చేసి ఊళ్ళో సంగతులన్నీ చెప్పాడు, ఇది చెప్పలేదు.

"ఈ మూట నీకే ఇయ్యమనింది" అని ఆమె సంచిలోంచి తీసింది. పాత నూలు చీర ముక్క. మెడ దగ్గర ఎర్రగుడ్డ పేలికతో బిగించి కట్టి ఉంది. "ముందే చెప్పి పెట్టింది, ఆ వేలూరి పిల్లకియ్యండని."

"నాకెందుకు? మీరు విత్తుకోరా?"

"యాడ విత్తేది అక్కా? మా ఆయన ఈడ బాగాయంలో కట్టడం పనికి వస్తాండాడు. నేనూ ఈడికే వచ్చేస్తాండా. రెండేండ్లుగా మా అత్తే ఒకతే పాటుపడతా ఉండె. ఇంక చేను బీడే."

"ఆమె కాడ పెద్ద కుండ నిండా ఉండేవి గదా?"

"ఉండె. దినాల పొద్దు జనం మీరిపోయిరి. పులుసు అందరికీ చాలేట్టు లేదని మా చిన్నత్త ఆ కుండ దించి, మన్ను కడిగి, ఉన్నదంతా ఉడకేసింది." ఉన్న మాట చెప్పాలి కదా అన్నట్టు, "పులుసు బాగుండె అక్కా" అంది.

ఆమెను తప్పు పట్టలేను. చావింటికి వచ్చినవాళ్ళకు కడుపునిండా పెట్టాలి. ఇంట్లో అనుములు ఉన్నాయి. ఆ కుండలో ఏముందో తెలియకపోతే నేనైనా దించి ఉడికించేదాన్నే. కానీ నాకు తెలుసు. ఏడెనిమిదేళ్ళుగా ఆ ముసలావిడ ఏరి, ఎండబెట్టి, మళ్ళీ విత్తి, మళ్ళీ ఏరిన విత్తనం అది. ఇప్పుడు ఈ భూమ్మీద దానిలో మిగిలింది ఈ మూటే. మహా అయితే రెండు పడులు, మూడు కిలోలకు మించదు.

వెళ్ళేటప్పుడు వాకిట్లో మళ్ళీ అడిగాను. "ఊళ్ళో ఇంతమంది ఉండగా నాకే ఎందుకంట?"

"నువ్వు అడిగేదానివంట. మేమెవురమూ ఒక దినమన్నా అడగలేదంట" అని, చెప్పులేసుకుని బస్సుకు పోయింది.

ఆ మూటను విప్పకుండానే అటక మీద పెట్టాను. నేను బియ్యం ముందేసుకుని కూర్చోగానే పిల్లలు స్టూలెక్కి దించారు.

ఆ ముసలావిడ మాకు చుట్టం కాదు. మా పుట్టింటికి ఎదురిల్లు. ఊరంతా అవ్వ అనేవాళ్ళు, నేనూ అవ్వ అనేదాన్ని. ఎకరన్నర మెట్టచేను, రెండు మేకలు. ఇవి కాక ఆమెకంటూ ఉన్నది కుడిచేతి చూపుడువేలు. ఎక్కడ మన్ను కనిపించినా ఆ వేలు అక్కడ గుచ్చేది. పక్కవాళ్ళ చేన్లో, బడిలో పూలకుండీలో, గుడియాత్తం బస్టాండులో మొక్కలమ్మేవాడి సంచుల్లో. గుచ్చి, తీసి, బొటనవేలితో రుద్ది, "రెండు దినాలుంటాది" అనేది, లేకుంటే "ఈ పొద్దుకే సరి" అనేది. ఆ తడి ఇంకెన్నాళ్ళు నిలుస్తుందో ఆమె లెక్క. మొక్కలమ్మేవాడు ఒకసారి, "కొనేదుంటే కొను, ఊరికే పొడవబాకు పాటీ" అని తమిళమూ తెలుగూ కలిపి తిట్టాడు. "కొనేదానికి గాదు నాయనా, దానికి దప్పికగా ఉండాది, చెప్దామని" అంది.

నా పెళ్ళికీ ఆ వేలు వచ్చింది.

మా వాళ్ళల్లో పెళ్ళికి ముందు పాలికలు పెడతారు. మట్టి మూకుళ్ళలో పుట్టమన్ను పోసి, నవధాన్యాలు చల్లి, ముత్తయిదువలు పాలూ నీళ్ళూ పోస్తారు. మొలకలు ఎంత పచ్చగా వస్తే పిల్ల సంసారం అంత పచ్చగా ఉంటుందని నమ్మకం. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. అవ్వ నేరుగా పోయి వేలు గుచ్చింది. ముత్తయిదువ కూడా కాదు.

మా మేనత్త కేక పెట్టింది. "ఓయమ్మా! పాలికల్లో యాడన్నా వేలు పెడతారా? పిల్ల సంసారం ఏమయ్యేది?"

"సంసారం యాడికీ పోదులే మ్మా. మొలకలు బలే ఉండాయి. ఈ అనుములు యాడివి?"

"అంగట్లోవి."

"ఏ అంగడి? ఇంకా మిగిలుండాయా?"

పసుపు ముఖంతో తలొంచుకు కూర్చున్న నేను నవ్వు ఆపుకోలేక దగ్గు వచ్చినట్టు నటించాను. అవ్వ ఆ పూట మా ఇంట్లో భోజనం కూడా చెయ్యలేదు. మిగిలిన అనుములను కొంగులో పోయించుకుని వెళ్ళిపోయింది.

ఆ ఏడు తన పాత విత్తనం పక్కన పెట్టి, మా పెళ్ళి అనుములనే వేరుశనగ సాళ్ళ మధ్య విత్తింది. మొదటి వానకు ఊళ్ళో ఎవరి చేనూ అంత పచ్చగా లేదట. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. మూడు వారాలు దాటినా చినుకు లేదు. ఒక్కొక్క మొక్కే తల వాల్చింది. పాత విత్తనాన్ని ఈలోగా పుచ్చు తినేసింది.

నేను పుట్టింటికి వచ్చినప్పుడు వీధిలోనే నిలబెట్టి అడిగింది. "ఏం మే, సంసారం పచ్చగా ఉండాదా?"

"ఉండాదవ్వా."

"ఉండక? పచ్చదనమంతా నువ్వే ఎత్తుకొని పోయినావు. నా చేన్లో ఒక్క ఆకు మిగల్లేదు."

ఆ తర్వాత నేను బస్సు దిగి వచ్చిన ప్రతిసారీ నాకు ఇదే పలకరింపు. మొదట్లో సిగ్గుపడేదాన్ని. తర్వాత నేనే ముందు అడిగేదాన్ని, "పచ్చదనం వాపసు తెచ్చినా అవ్వా, యాడ పెట్టేది?" అని. అయితే ఆమె నిజంగా తప్పు పట్టింది నన్ను కాదు, తనను. "పెండ్లింట్లో మొలిచినదాన్ని నమ్మితిని చూడు. దినామూ పాలు పోస్తే ఏదైనా మొలస్తాది. దప్పికైనప్పుడు ఏం చేస్తాదో చూడల్ల గదా."

మరుసటి ఏడు నేను పురిటికి వచ్చేసరికి ఆమె అరుగు మీద అంచులు విరిగిన కుండలు మూడు ఉన్నాయి. మూడింటిలో ఒకే చేని మన్ను, ఏడేసి గింజలు. నాలుగు ఊళ్ళు తిరిగి, చుట్టాల ఇళ్ళల్లో చారెడు చారెడు అడిగి తెచ్చుకున్న అనుములు. ఒక కుండకు రోజూ నీళ్ళు పోసేది. ఇంకోదానికి నాలుగు రోజులకొకసారి. మూడోదానికి గింజ పెట్టిన రోజు తడిపిందే.

"ఇదేందవ్వా?" అని అడిగాను. కోడలు చెప్పిన ఆ 'అడగడం' బహుశా ఇదే.

"వాన రాదని గాదు మే. వస్తాది. మా అమ్మ కాలంలో విత్తే ఆడినెలలో ఒక వాన పడిందంటే, ఇంకో వాన ఎన్నో దినానికి వస్తాదో చేతి వేళ్ళతో చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఒక వానకూ ఇంకో వానకూ నడాన ఎన్ని దినాలో ఎవురికీ తెలీదు. ఆ నడాన ఓర్చుకునే గింజ నాకు కావల్ల. నువ్వు చదివింది చెట్ల చదువే గదా?"

"అవునవ్వా. బాటనీ."

"చెట్టు దప్పికను ఎన్ని దినాలు ఓర్చుకుంటాదో చెప్పినారా?"

"ఆకుల్లోంచి నీళ్ళు ఆవిరై ఎట్ల పోతాయో చెప్పినారు."

"పొయ్యేది నాకూ తెలుసు. ఓర్చుకునేది చెప్పినారా?"

"లేదు."

"మరి మూడేండ్లు ఏం చేసినావు మే? పావం, మీ నాయన."

ఇంటికి వచ్చి పాత నోట్‌బుక్కులు తిరగేశాను. ఆకు అడ్డకోత బొమ్మ ఎంతో అందంగా వేసి ఉన్నాను. ఆమె ప్రశ్నకు జవాబు అందులో లేదు.

అప్పుడు పెద్దవాడికి మూడో నెల. వాడు నిద్రపోతే ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని, రోజుకు ఎన్నిసార్లో నాకే తెలియదు. పొద్దున్నే వాణ్ణి లేత ఎండలో పట్టుకుని మా అరుగు మీద కూర్చుంటే ఎదురుగా ఆ మూడో కుండే కనిపించేది. మొలకలు ఆకు విప్పిన ఐదో రోజు మెత్తబడ్డాయి. ఏడో రోజు వేలాడాయి. తొమ్మిదో రోజు చూడలేకపోయాను. అవ్వ మేకలు తోలుకుపోగానే ఒక లోటా నీళ్ళు తెచ్చి పోసేశాను. మన్ను గుటకలు వేసినట్టు తాగింది. నాకు ఆ పూటంతా హాయిగా ఉంది.

సాయంత్రం అవ్వ వేలు కుండలో దిగగానే వీధికంతా వినబడేలా అడిగింది. "ఎవురు పోసినారు?"

మా అమ్మ నావైపు చూసింది. బిడ్డనెత్తుకుని వీధి దాటి పోయాను. "నేనే అవ్వా. చచ్చిపోతాండాయని."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుండ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

"పొద్దున ఐదు వాలిపోయుండె, రెండు నిలబడుండె. ఇప్పుడు చూడు, ఏడూ నిలబడుండాయి."

"బతికినాయి గదా!"

"అదే చెప్తాండా. ఏది దానంతట అది బతికిందో, ఏది నీ లోటాకు బతికిందో, ఇంక నాకెట్ల తెలిసేది?"

ఏడింటినీ పీకి మేకలకు వేసింది. మళ్ళీ ఏడు గింజలు పెట్టింది, మళ్ళీ ఒక్కసారి తడిపింది. ఇంటికి పోబోతున్న నన్ను ఆపి, బిడ్డ మెడ మడతలో అదే వేలు పెట్టి, "తడి ఉండాది. బానే ఉండాడు పో" అంది.

ఆ రెండోసారి లెక్క తేలేలోపు వాన పడింది. ఊరంతా విత్తింది. అవ్వ విత్తలేదు, ఏ గింజ విత్తాలో ఇంకా తేలలేదు కాబట్టి. నా లోటా నీళ్ళు ఆమెకు విత్తే పదునొకటి పోగొట్టాయని ఏడుపొచ్చింది. తీరా ఆ వాన తర్వాత మళ్ళీ నెల దగ్గర దగ్గర చినుకు లేదు. విత్తినవాళ్ళ గింజలన్నీ పోయాయి. నేను ఉషారుగా పోయి, "చూసినావా అవ్వా, నేను నీళ్ళు పోయబట్టే నీ విత్తనం మిగిలింది" అన్నాను.

"అది నీ తెలివి గాదులే మే, వాన తిక్క" అంది.

ఆ ఏడునుంచి ఆమె విత్తనాన్ని మూడు భాగాలు చేసేది. మొదటి వానకు ఒక భాగం, రెండో వానకు ఇంకొకటి. మూడోది చేతిలోనే. ఒకే చేన్లో మోకాటెత్తు మొక్కలూ, జానెడు మొక్కలూ, ఉత్త మన్నూ పక్కపక్కనే ఉండేవి. దారిన పోయేవాళ్ళు, "ఏమవ్వా, మనవరాండ్లందరికీ తలా ఒక చేనా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. మూడో కుండలో నిలబడిన మొక్కలను మాత్రం చేని మూల ఒక చిన్న మడిలో నాటి, వాటి కాయలు విడిగా కోసేది. మరుసటి ఏడు కుండల్లోకి ఆ గింజలే.

ఆమె గెలిచిందని నేను రాయను. రెండేళ్ళు మేకలకు మేత తప్ప ఏమీ రాలేదని నాకు తెలుసు. కానీ ఆ రెండేళ్ళూ కుండలు మాత్రం అరుగు మీదే ఉన్నాయి.

ఒక మార్గళి నెలలో, మంచు కాలంలో, పిల్లలతో పోయాను. తెల్లవారుతూనే అవ్వ చేన్లో అనప మొక్కల మీదినుంచి ఒక తెల్ల తువ్వాలు తీసి, గ్లాసులోకి పిండుతోంది.

"ఏం చేస్తాండావవ్వా?"

"మంచు ఎంత పడిందో చూస్తాండా." గ్లాసు ఎత్తి చూపించింది. అడుగున వేలి మందం కూడా లేదు. "మా అమ్మ ఇట్ల తువ్వాలు పిండితే మొహం కడుక్కునేది."

ఒక అనపకాయ తుంచి నా ముక్కు దగ్గర నలిపింది. "వాసన ఉండాదా?"

"ఉండాది."

"అబద్ధం చెప్పబాకు."

మళ్ళీ చూశాను. అనపకాయ వాసన మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒలిస్తే వేళ్ళకు జిడ్డులా అంటుకుని, చెయ్యి కడిగినా సాయంత్రం దాకా పోదు. ఇందులో ఉంది, కానీ వెతుక్కోవాలి.

"మంచు చాలకుంటే వాసన రాదు. వాసన లేకుంటే గుడియాత్తం సంతలో ఎత్తి మూస్తారు, పక్కన పెట్టి పోతారు" అంది. సాలు వెంబడి ఒక్కొక్క మొక్కనూ వాసన చూసుకుంటూ పోయింది. ఎక్కడో ఒక మొక్క దగ్గర ఆగి నన్ను పిలిచింది. "ఇది చూడు." ముక్కు పెట్టాను. చిన్నప్పటి వాసన, మొత్తంగా. "ఇంత తక్కువ మంచుకే ఇది తెచ్చుకొనింది. ఎట్ల తెచ్చుకొనిందో దీనికే తెలుసు" అని, కొంగుకు కట్టుకున్న ఎర్రగుడ్డ పేలిక ఒకటి చించి ఆ కాడకు కట్టింది. చేనంతా వెతికితే ఇంకో నాలుగు పేలికలు కనిపించాయి. ఎకరన్నరలో ఐదు మొక్కలు. ఆమె ముఖంలో మాత్రం తువ్వాలు నిండా మంచు దొరికినంత సంతోషం.

మా అన్నకు ఇదంతా ముసలితనపు చాదస్తం. టీవీలో ప్రకటన చూసి, రంగు ప్యాకెట్ కొనుక్కొచ్చి, ఆమెకు చూపించాడు. "బొమ్మ చూడవ్వా, చెట్టుకు కాయలు చూడు."

"బలే ఉండాది నాయనా. ఆ బొమ్మలో చెట్టుకు ఎవురు నీళ్ళు పోసినారో రాసుండాదా?"

ఆమెకు తమిళమూ చదవడం రాదు, తెలుగూ రాదు. ప్యాకెట్ నాకిచ్చింది. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న తమిళాన్ని చదివి చెప్పాను: "అవసరాన్ని బట్టి నీళ్ళు పెట్టాలి."

అవ్వ ఎంత నవ్విందంటే, అరుగు స్తంభం పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. "అవసరాన్ని బట్టి! అంతే గదా మే, అంతే గదా! ఇది మాకు తోచకపాయనే!" మా అన్న కూడా నవ్వాడు. కానీ విత్తడం మాత్రం ప్యాకెట్లోవే విత్తాడు.

నిన్న సాయంత్రం పాప చేతులు కడిగి, ఆయన ఇంటికి వచ్చాక, వీధి చివర బూత్‌కు పోయి అన్నకు ఫోన్ చేశాను.

"అవ్వ పోయినట్టు నాకెందుకు చెప్పలేదు?"

"నీకు పిల్లోడు తుమ్మితేనే నిద్ర పట్టదు. ఇది చెప్తే ఇంకేమైనా ఉండాదా?"

మూట సంగతి చెప్పాను. దినాల పులుసు సంగతి చెప్పాను. "ఆ పులుసు నేనూ తింటినే" అన్నాడు.

"అన్నా, నీ చేన్లో వెయ్యి. ఈ ఏడు విత్తకుంటే పుచ్చిపోతాయి. ఇంక యాడా లేవు."

"ఆడినెల సగం పోయింది. ఇంకా సరైన వానే లేదు. నేను వేరుశనగ వేసేదా వద్దా అనే చూస్తాండా. నువ్వు అటక మీది మూట విప్పి వెయ్యమంటే ఎట్ల? అవి బతికుండాయో లేదో. పోయినేడు కాపు ఎట్లుండెనో ఎవురికి తెలుసు?"

"నేను చూసి చెప్తా."

"ఎట్ల చూస్తావు?"

"అవ్వ చూసినట్టే."

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "సరి. మొలిచినాక పది దినాలు చూడు. నీళ్ళు లేకుండా నిలబడితే తీసుకొనిరా. గట్టు పక్కన రెండు సాళ్ళు వదిలిపెడతా" అని, వెంటనే, "మోసం చెయ్యబాకు. నిన్ను నాకు తెలుసు" అన్నాడు.

వాడు చెప్పింది నిజం. బూత్‌నుంచి ఇంటికి నడుస్తూ అదే ఆలోచించాను. నేను పిల్లలకు కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప తాగనివ్వను. మబ్బు పడితే బడికి గొడుగు, ఎండ కాస్తే టోపీ. రోజు మార్చి రోజు కుళాయి వచ్చే వీధిలో, గుమ్మం ముందున్న ముద్దమందారానికి బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, ఏవి దొరికితే అవి పోస్తూనే ఉంటాను. ఇన్నేళ్ళు ఆమె ఆ మూడో కుండను రోజూ ఎలా చూస్తూ ఊరుకుందో ఇప్పుడు తెలుసుకోవాలనిపిస్తోంది. ఆమెకు జాలి లేదనుకోవడానికి లేదు. బస్టాండులో ఎవరివో మొక్కలకు దప్పికైందని తిట్లు తిన్న మనిషి. ఆ తొమ్మిదో రోజు తనకు ఎలా ఉండేదో అడగలేదు. అన్నీ అడిగాననుకున్నాను, అది మాత్రం అడగలేదు.

ఇది రాయాలని నిన్న రాత్రే అనుకున్నాను. ఇప్పుడు అందరూ పడుకున్నాక, వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. ఈ పొద్దున జరిగింది కూడా రాసేస్తే అయిపోతుంది.

మా ఇంట్లో విరిగిన కుండలు లేవు. మూడు పాత పాలపొడి డబ్బాలు దొరికాయి. అడుగున మేకుతో చిల్లులు వేశాను. మన్ను పెద్దవాడు వెనక ఖాళీ స్థలంనుంచి తెచ్చాడు. ఏడేసి గింజలు పాపే లెక్కపెట్టింది. ఆరు దగ్గర రెండుసార్లు తప్పింది. మూడింటినీ తడిపి, ఎండ తగిలే కిటికీ గట్టు మీద వరసగా పెట్టాం. వాన వచ్చినా లోపల పడదు. ఏ డబ్బాకు ఎప్పుడు నీళ్ళో చెప్పాను.

"మూడోదానికి?" అన్నాడు పెద్దవాడు.

"దానికి ఈ పొద్దు పోసిందే. మొలిచినాక పది దినాల దాకా ఇంక లేదు."

"దానికి దప్పికైతే?" అంది పాప.

"అయితాది."

"చచ్చిపోతేనో?" అన్నాడు వాడు.

చచ్చిపోదులే నాయనా అనే మాట నా నోటిదాకా వచ్చింది. వాళ్ళు ఏదడిగినా నేను చెప్పే మాట అదే. దాన్ని మింగి, ఇద్దరినీ దగ్గరికి కూర్చోబెట్టుకుని చెప్పాను.

"చచ్చిపోతే పోయిందని మామకు చెప్తాం. కానీ మీరు మాత్రం నీళ్ళు పొయ్యొద్దండి. వాడిపోయినా పొయ్యొద్దండి. పగలు మీరు బడికి పొయ్యేటప్పుడు ఒకసారి, వచ్చినాక ఒకసారి వేలు పెట్టి చూడండి. తడి ఉండాదంటే నేనే పోసుంటా. నన్ను గూడా ఆ డబ్బా కాడికి రానియ్యొద్దండి."